ఈశాన్యంలో మునగచెట్టు

1962 జూన్‌లో నన్ను కొడవలూరు పక్కన ఒక పల్లెకు గ్రామసేవికగా వేశారు. పంచాయతీ సమితి కొలువుల్లో మాది కింది మెట్టు. మా పని చూడటానికి ముఖ్యసేవిక ఉండేవారు, ఆమె పైన బ్లాకు అభివృద్ధి అధికారి. ఆ ఏడు నాకు అప్పగించినది పెరటితోటల పథకం. ఇంటింటికీ వెళ్లి పెరడు కొలిచి, పటం గీసి, కూరగాయల మళ్లు వేయించి, స్నానాల నీళ్లు వాటికి మళ్లించాలి. నెలాఖరుకు నివేదిక పంపాలి.

వరి పండించుకునే వెంగమ్మగారి ఇంటికి వెళ్లిన రోజున పెరటి గోడకు గొడ్డలి ఆనించి ఉంది. ఈశాన్యం మూల ఏపుగా పెరిగిన మునగచెట్టును మర్నాడు ఆమె కొడుకు పెంచలయ్య కొట్టేయబోతున్నాడు. కోడలు సుశీలకు రెండుసార్లు గర్భం పోయింది. వాస్తు చూసే సిద్ధాంతి వచ్చి, ఈశాన్యంలో బరువు ఉండకూడదు, చెట్టు తీసేయమని చెప్పి వెళ్లారు.

శిక్షణలో నేర్పినదంతా ఏకరువు పెట్టాను. మునగాకు రక్తం పట్టిస్తుందని, దిక్కులకూ గర్భానికీ సంబంధం లేదని చెప్పాను. వెంగమ్మగారు ఓపిగ్గా విన్నారు.

"నువ్వు నిన్న వచ్చిన పిల్లవి. మా ఇంట్లో రెండు కాన్పులు నిలవకుండా పోయినాయి. ఎందుకు పోయినాయో నీ పుస్తకంలో రాసుండాదా?"

కొలతాడు చుట్టుకుని బయటికి వచ్చాను.

సుశీల బిందె పట్టుకుని నా వెనకే వీధిలోకి వచ్చింది. "అక్కా, నాకు మూడో నెల. ఆయనక్కూడా చెప్పలే. ఈసారన్నా నిలబడినాక చెబుదామని. ఏం తిన్నా ఇమడటం లేదు. ఆ మునగాకు కూర ఒక్కటే నోటికి పోతా ఉండాది."

ఈ సంగతి సిద్ధాంతిగారి చెవిన వేయవచ్చా అని అడిగాను. ఆమె బిందె చంక మార్చుకుంది. "సిద్ధాంతిగారికొక్కరికే చెప్పక్కా" అంది.

తెల్లవారగానే పెంచలయ్యను కలిసి, నేను సిద్ధాంతిగారిని చూసి వచ్చేదాకా ఆగమన్నాను. అతను సరేనన్నాడు. చెట్టంటే అతనికీ ఇష్టమే.

సిద్ధాంతిగారితో వాదన తప్పదనుకుంటూ కొడవలూరు నడిచాను. గళ్ల కాగితం మీద గీసిన పెరటి పటం చూసి ఆయన ముచ్చటపడ్డారు. "కొలతలు బాగా వేసినావమ్మా" అని దాని మీదే వేలు పెట్టి చెప్పారు. ఈశాన్యం పల్లంగా, తెరిపిగా ఉండాలి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. నీటి వాలు ఈశాన్యానికి పోవాలి. నేను వేయదలచిన తోట కూడా దాదాపు అదే. ఆకుకూరలకు పొద్దుటి ఎండ తగలాలి, ఇంటికి పడమటి ఎండ నుంచి చెట్ల నీడ కావాలి. ఆయన కారణాలు వేరు, నావి వేరు.

అప్పుడు సుశీల సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"గర్భిణి ఉన్న ఇంట్లో మొగుడు చెట్టు కొట్టకూడదమ్మా. నాకీ ముక్క ఎవరూ చెప్పలేదే!"

ఆ సాయంత్రమే ఆయన వచ్చారు. కారణం చెప్పకుండా, ఈ ఏడాది చెట్టు మీద గొడ్డలి పడకూడదన్నారు. ముందు నైరుతిలో బరువుకు ఇంకో మునగ నాటి, అది కాపుకొచ్చాక దీన్ని తీసేయవచ్చన్నారు. వెంగమ్మగారు కోడలి వంక చూశారు. గొడ్డలి తీసుకెళ్లి లోపల పెట్టి వచ్చి, "నువ్వు బిందెలు మొయ్యబాక" అన్నారు సుశీలతో.

మునగకు విత్తనం అక్కర్లేదు. ముంజేతి లావు కొమ్మను ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, పైకొనకు పేడముద్ద పెట్టి పాతితే చాలు. పొరుగింటి నుంచి తెచ్చిన కొమ్మను నైరుతిలో వెంగమ్మగారే పాతారు. ఈశాన్యంలో, పాత చెట్టు ముందు తోటకూర, గోంగూర మళ్లు వేశాం. స్నానాల నీళ్లు కాలువగా అక్కడికి పారాయి.

నివేదికలో స్థల నిర్ణయానికి ఆధారం అన్న గడిలో 'ఎండ, నీటివాలు, వాస్తు' అని రాశాను. ముఖ్యసేవిక మూడో మాట కొట్టేసి నన్ను మందలించారు. అయితే వానాకాలం ముగిసేలోపే ఆ వీధిలో మరికొన్ని ఇళ్లవాళ్లు తమ పెరడూ కొలవమని అడిగారు.

డిసెంబరులో సుశీలకు ఆడపిల్ల పుట్టింది. అది మునగాకు వల్లనో, ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఇచ్చిన మాత్రల వల్లనో, నైరుతి బరువు వల్లనో నేను చెప్పలేను. వెంగమ్మగారు మూడింటినీ నమ్మారు. మరుసటి ఏడు నైరుతి చెట్టుకు కాయలు దిగాక, అన్న మాట ప్రకారం పాత చెట్టు కొట్టించారు. నేను అడ్డు చెప్పలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కొలతాడు విప్పే ముందు ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఏం తినగలుగుతున్నారో ఆడవాళ్లను విడిగా అడిగేదాన్ని. ఇల్లు ఎవరి మాట వింటుందో తెలుసుకుని, వాళ్ల నియమాలు పూర్తిగా విన్నాకే నా పటం గీసేదాన్ని. ఈ క్రమం శిక్షణలో ఎవరూ నేర్పలేదు. ఆ పెరట్లో నేర్చుకున్నాను.