చప్పుడు లేని సినిమా

గిడియోన్ తాత పెదవి విరిస్తే హైదరాబాదులో హీరోలకు చలిజ్వరం వస్తుందని మనవరాలు కెరోలిన్ గోదావరిఖని అంతా చాటింది. ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో పనిచేసిన తాతకు ఫైట్లు, ఈలలు, డప్పుల మోత ఉంటేనే సినిమా. అవార్డు సినిమాలంటే చెవి గెలుక్కుంటూ, "నోరిప్పి మాట్లాడనీకె వాళ్లకేం రోగం?" అంటాడు. హాల్లో ఎప్పుడూ తలుపు పక్క సీటే. కూర్చునే ముందు, బావిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసినట్టు, గోడను వేలి కణుపులతో తట్టి చప్పుడు వింటాడు.

మొన్న శనివారం పగటి ఆటకు కెరోలిన్ బతిమాలి ఒక అవార్డు సినిమాకు తీసుకెళ్లింది. తెర మీద బొగ్గుబావి. లోపల ఒక కార్మికుడు అన్నం తింటున్నాడు. పాట లేదు, మాట లేదు. పైకప్పు నుంచి చిటికెడు మట్టి అతని గిన్నెలో రాలింది. తాత నోట్లో బఠానీలు నమలడం ఆగిపోయింది. మనవరాలి చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు.

"మీ నాయిన ఏ డ్యూటీల ఉన్నడు?"

"మొదటి షిఫ్టు. పొద్దుగాల టిఫిన్ గిన్నె నువ్వే ఇచ్చినవ్ గద!"

"కప్పు కూలేముందు గట్లనే మట్టి రాలుతది, బిడ్డా." తాత జేబు తడుముకున్నాడు. ఫోను చేద్దామంటే బావిలోకి ఫోను పోదు.

నవ్వించాలని కెరోలిన్, "ఏంది తాతా, గంత చెత్తగ తీసిండా?" అంది.

"మంచిగనే తీసిండు. మీ నాయిన లోపలున్నంతసేపు నాకు అబద్ధం సినిమాలే కావాలె."