ఆరని ఎర్ర చుక్క

ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో కార్ల డిజైన్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో నేనొక ఎయిర్ రైఫిల్ క్లబ్బులో చేరాను. రెండేళ్లు రిజర్వులోనే కూర్చోబెట్టారు. చివరికి టీంలో ఒకాయనకి నడుం పట్టేయడంతో ఆదివారం మ్యాచ్‌లో నాకు చోటు దొరికింది. బాగా కొడితే ఇకపై టీంలోనే ఉంచుతానన్నారు క్లబ్బు సెక్రటరీ, రిటైరైన పోస్ట్‌మన్. ఇక నాకు వారమంతా అన్నం సయించలేదు.

నా రైఫిల్ మీద రెడ్ డాట్ సైట్ ఉండేది. చిన్న గొట్టం. దాని అద్దంలోంచి చూస్తే ఎర్ర చుక్క కనిపిస్తుంది, దాన్ని గురి మీద పెట్టి కొట్టడమే. ఆ చుక్కకి ప్రాణం బిళ్లలాంటి బ్యాటరీ. "2032 అని రాసి ఉన్నదే కొను, మంచి కంపెనీది" అని సెక్రటరీ ముందే చెప్పారు. ఏదైనా ఒక్క పౌండుకే అమ్మే పౌండ్ షాపులో నాకు 2025 రకం కనిపించింది, ఒకే అట్ట మీద అరడజను. వెడల్పు అంతే, మందం మాత్రం కాస్త తక్కువ. ఇంజనీరుని కదా, ఆ సందులో అల్యూమినియం ఫాయిల్ మడిచి కుక్కాను. చుక్క వెలిగింది. అదేదో ఘనకార్యమైనట్టు మా ఆవిడని పిలిచి మరీ చూపించాను.

మర్నాడు శనివారం దసరా. హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఆయుధపూజలో దేన్నీ వదల్లేదు. కారు, కత్తులు, మిక్సీ, వాక్యూమ్ క్లీనర్, అన్నింటికీ బొట్లు పెట్టారు. రైఫిల్‌ని నేనే తెచ్చి ఆవిడ ముందు పెట్టి, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి బయటికి వెళ్లాను.

ఆదివారం సైట్‌లోకి చూస్తే చుక్క పెద్దగా, అలుక్కుపోయినట్టు ఉంది. బ్యాటరీ నీరసించిందనుకుని ఇంకోటి వేశాను. అదే చుక్క. ఫాయిల్‌కి ఇంకో మడత వేశాను. అదే చుక్క. టైం అయిపోతోందని దాంతోనే కానిచ్చాను. నా టార్గెట్ అట్ట అప్పుడే షాపులోంచి తెచ్చినట్టు మిగిలింది.

సెక్రటరీ వచ్చి వంగి చూశారు. "స్విచ్ ఆఫ్ చెయ్యి" అన్నారు.

చేశాను. "ఇంకా వెలుగుతూనే ఉంది!" అన్నాను, సిగ్గు లేకుండా, కాస్త గర్వంగా కూడా.

ఆయన రుమాలు తీసి అద్దం తుడిచారు. తెల్ల రుమాలు ఎర్రబడింది. లోపల నిజం చుక్క ఎప్పుడో ఆరిపోయింది, ఎన్ని మడతలేసినా ఫాయిల్ జారిపోయి. అప్పటిదాకా నేను గురి చూసింది కుంకుమబొట్టుతో. దాని సంగతి ఆయనకి వివరించేలోపు అవతలి క్లబ్బు వాళ్లు గెలిచి, టీ తాగి వెళ్లిపోయారు. నేను మళ్లీ రిజర్వు.

దారి పొడుగునా అత్తగారి మీద పళ్లు నూరుతూ ఇంటికొచ్చాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఎట్లయింది బాబూ?"

"ఒక్కటి గూడ తాకలే అత్తమ్మా" అన్నాను కటువుగా.

ఆవిడ రెండు చేతులూ జోడించారు. "అంతా అమ్మవారి దయ! మీ చేతుల తుపాకి జూసినప్పటి సంది నాకు ఒకటే గుబులు బాబూ. ఎవ్వలికీ ఏం తాకొద్దని మొక్కుకొనే బొట్టు పెట్టిన."