రాజధాని లేని దీవులకు నేను రాసిన రాజధాని

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి నెలలో, టోకెలావ్ మీద రెండు పేజీల పరిచయ పత్రం తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖలో సీనియర్ అనలిస్టుని. అంటే రాసేది నేను, ఆమోదించి సంతకం పెట్టేది మా మేనేజరు. ఇలాంటి పత్రాన్ని మేము బ్రీఫ్ అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన పై అధికారి పది నిమిషాల్లో చదివి, అన్నీ తెలిసినట్టు మాట్లాడటానికి అది పనికొస్తుంది.

టోకెలావ్ న్యూజిలాండ్ పాలన కింద ఉన్న ప్రాంతం. భూమధ్యరేఖకు దక్షిణాన, పసిఫిక్‌లో మూడు పగడపు దీవులు: అటాఫు, నుకునోను, ఫకావోఫో. మొత్తం జనం రెండు వేలైనా ఉండరు. విమానాశ్రయం లేదు. సమోవా నుంచి ఓడలో ఒక రోజుకు పైగా ప్రయాణం. పెద్ద రేవు లేదు కాబట్టి ఓడ దూరంగా ఆగితే, సరుకును చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. రాజధాని కూడా లేదు. నాయకత్వం ఏటా ఒక దీవి నుంచి మరో దీవికి మారుతుంది, దానితో పాటే పాలనా పీఠమూ మారుతుంది.

ఇదంతా చక్కగానే రాశాను. చిక్కంతా ఫారంతో వచ్చింది. మా శాఖలో అన్ని దేశాలకూ ఒకటే ఫారం. అందులో రాజధాని అనే గడి తప్పనిసరి. 'లేదు' అని రాస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదు. 'మూడు దీవులు, వంతులవారీగా' అని రాస్తే మేనేజరు వెనక్కి పంపింది. పోయినసారి బ్రీఫ్ రాసినవాళ్ళు ఏదో ఒక పేరు పెట్టారు కదా అన్నది. మూడోసారి కూడా తిరిగి వచ్చేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. లోవర్ హట్‌లో మా ఇంటికి వెళ్ళే రైలుకు టైమవుతోంది. ఆ ఏడాది పీఠం అటాఫులో ఉంది కాబట్టి గడిలో అటాఫు అని కొట్టి, కింద ఒక వివరణ చేర్చి చేతులు దులుపుకున్నాను.

ఆ వివరణ ఎవరి కంటా పడలేదు. కంప్యూటర్ గడిలో ఉన్నదే తీసుకుంటుంది, కింద రాసినదాన్ని వదిలేస్తుంది.

జూన్‌లో ఫకావోఫో ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్ పాడైంది. దీవిలో వాడే ఇన్సులిన్, పిల్లల టీకాలు అందులోనే ఉంటాయి. విడిభాగం కావాలని అక్కడి నర్సు రాసింది. మా సరఫరా విభాగంలో పనిచేసే స్వప్న మర్నాడే పంపింది. స్వప్నది వరంగల్. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో సెటిల్ అయింది. ఇంటి నంబరూ వీధి పేరూ లేని చోటికి సరుకు పంపితే, సరఫరా విభాగం కంప్యూటర్లోని చిరునామా పేజీ మా బ్రీఫ్‌లోని రాజధానిని తనంతట తానే తెచ్చుకుంటుంది. ఓడ ముందు ఫకావోఫో దగ్గరే ఆగింది. పెట్టె ఓడలోనే ఉంది. దాని మీది చీటీలో అటాఫు అని ఉంది కాబట్టి ఎవరూ దించలేదు.

స్వప్న ఆ చీటీ నకలు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"నేను ఫకావోఫో అనే కొట్టిన అంకుల్. సేవ్ చేయంగనే అటాఫు అయింది. ఎవరు పెట్టిండ్రా అని చూస్తే మీ పేరే ఉన్నది" అంది.

ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల, పక్కవాళ్ళకు అర్థం కాకూడదని తెలుగులో చెప్పింది. ఆ మర్యాదకు నాకు ఇంకా సిగ్గేసింది.

నర్సుకు ఫోన్ చేశాను. ఇంకో ఓడ వచ్చేదాకా ఇన్సులిన్‌ను నాలుగు ఇళ్ళ ఫ్రిజ్‌లలో సర్దిందట. రోజుకు రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగి థర్మామీటర్ చూసుకుంటోంది. టీకాలు అప్పటికే పాడైపోతే పారేసింది. కోప్పడలేదు. "మాకు రాజధాని ఉందని మీ కాగితం వల్లే తెలిసింది" అని మాత్రం అన్నది.

ఆ గడి తీసేయమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. దానికి కమిటీ కూర్చోవాలన్నారు. కమిటీ కూర్చుంది, టీ తాగి లేచింది. నాకు ఒళ్ళు మండింది కానీ, మొదటి తప్పు నాది.

తెలియక రాసి ఉంటే తెలుసుకుంటే సరిపోయేది. నాకు తెలుసు. తెలిసే, రైలు తప్పిపోతుందని, లేనిదాన్ని ఉందని రాశాను. మరుసటి ఏడాది బ్రీఫ్‌లో ఆ గడిని ఖాళీగా వదిలేసి, ఫారాన్ని అసంపూర్తిగానే సేవ్ చేశాను. దాంతో చిరునామా పేజీలో దీవి పేరు ఖాళీగా వచ్చేది, సరుకు పంపిన ప్రతిసారీ స్వప్న టోకెలావ్‌కు ఫోన్ చేసి ఏ దీవికో అడిగి తనే రాయాల్సి వచ్చేది. ఫారం అసంపూర్తిగా ఉందని కంప్యూటర్ ఎర్ర అక్షరాల్లో గుర్తు చేస్తూనే ఉండేది. నేను రిటైరైన రోజున నా పేరు మీద పెండింగులో మిగిలిన పని అదొక్కటే.