ఆ పెళ్లిపత్రికలో పేరెక్కడ?

రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటులో కొత్త యూనిట్లు కడుతున్న రోజులవి. బజార్లో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉండేది. దుకాణం కంప్యూటరుకు ఆఫీసు సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఇంట్లోదానికి మాత్రం ఉచితంగా దొరికిందేదో వేసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

యాపలదిన్ని ఊరి ఈరమ్మవ్వ మనవరాలి పెళ్లిపత్రికను ఇంట్లోనే టైపు చేసి, ఆ ఫైలును దుకాణానికి తెచ్చాను. అవ్వ అప్పటికే వచ్చి కూర్చుంది. మొదటి పత్రిక దేవుడి ముందు పెట్టాలట. ప్లాంటు పక్కనే ఉన్నా మాకు కరెంటు కోత తప్పేది కాదు. ఎక్కడ పోతుందోనన్న తొందరలో, తెర వైపు కూడా సరిగా చూడకుండా ఒక ప్రతి అచ్చు తీసి చేతికిచ్చాను.

అవ్వ దాన్ని కళ్లకద్దుకుని, కొంగుముడిలోని పసుపు తీసి నాలుగు మూలలా రాసింది.

"మా సుజాత పేరు యాడుందో చూపియ్యి బిడ్డా, కుంకుమ పెడత" అంది.

వంగి చూశాను. తేదీ అంకెలు తప్ప, అక్షరాలు ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలే! ఇంటి సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన తెలుగు ఫాంటు దుకాణం కంప్యూటరులో లేదు. చదువురాని అవ్వ, ఏ డబ్బా చూపించినా నమ్మేది. నా వేలు లేచింది కూడా.

"అవ్వా, దీంట్ల పేరు లేదు. తప్పు నాదే" అన్నాను చివరికి.

"గంతేనా? మల్ల కొట్టు. పసుపు ఇంకా ఉంది" అని నవ్వింది.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరడిగినా ఒకటే చెబుతాను: ఒక కంప్యూటరులో మీ పిల్ల పేరు రాసి, ఇంకోదాంట్లో తెరిచి చూడండి. ఆ లేచిన వేలి సంగతి మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.