ఉన్నంతలో బాగానే చేశారు

టేపు బాబాయికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, కట్టుకున్న భార్యకే అది గుర్తొచ్చేసరికి కాసేపు పడుతుంది. కొరియర్ గోడౌన్‌లో ప్యాకింగ్ బల్ల అతనిది. ఏ వస్తువొచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి, దానికి తగ్గ అట్టపెట్టెలో పెట్టి, ఖాళీలో కాగితం ఉండలు కుక్కి, టేపు వేసి, చివర గోరంత మడత పెడతాడు. విప్పేవాళ్లు గోళ్లు విరగ్గొట్టుకోకూడదని ఆ మడత. దానిమీద పేరు చీటీ. చీటీ లేని పెట్టె అతని బల్ల దిగిన దాఖలా లేదు.

ఇంత పనిమంతుణ్ణి కుదురుగా బతకనివ్వని మనిషి ఒకడున్నాడు. తోడల్లుడు, అంటే భార్యకు అక్క మొగుడు. సోఫాల షోరూంలో మేనేజరు కావడంతో చుట్టాలంతా షోరూం బావ అంటారు. మనిషి కూడా అద్దాల వెనక పెట్టిన సరుకులాగే ఉంటాడు, ఇస్త్రీ నలగదు. బాబాయి ఇంట్లో ఏ వేడుకైనా ఆఖరిదాకా ఉండి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒకే మాట అంటాడు.

"ఉన్నంతలో బాగానే చేశారు తమ్ముడూ."

పెళ్లికీ అదే అన్నాడు, ఇల్లు మారినప్పుడూ అదే అన్నాడు. పాప పుట్టినప్పుడు ఉయ్యాల్లోకి తొంగిచూసి కూడా అదే అన్నాడు.

ఆ 'ఉన్నంతలో' లేకుండా, ఒక్కసారి, ఉత్త 'బాగా చేశారు' అనిపించుకోవాలని బాబాయి కోరిక. అందుకే "ఈ ఏడు క్రిస్మస్ పార్టీ మా ఇంట్లోనే" అని అందరి ముందూ అనేశాడు.

"అనడానికి నోరుంటే చాలు. పెట్టడానికి జేబులో ఉండాలిగా," అంది భార్య.

"జేబు సంగతి నాకొదిలెయ్. గోడౌన్ ఉందిగా."

సూపర్‌వైజర్ని అడిగి, పారేసే సరుకంతా ఇంటికి చేర్చాడు. అట్టలు కోసి పేర్చి ఆకుపచ్చ రంగేస్తే నిలువెత్తు క్రిస్మస్ చెట్టయింది. గాజు సామాను చుట్టే బుడగల కవరు హాలంతా పరిచాడు, అడుగేస్తే టపటపా పేలేలా. భార్య ప్రెషర్ కుక్కర్లో కేకు చేసింది. అది ఒక పక్కకి కుంగితే కుంగినచోట క్రీము దట్టించింది. అంతా అయ్యాక చెట్టు కింద బోసిగా కనబడింది. అలంకారానికని బాబాయి కొన్ని ఉత్త పెట్టెల్ని మెరిసే కాగితంలో చుట్టి అక్కడ పేర్చాడు.

అక్కడే కొంప మునిగింది. పెట్టె చేతికొచ్చాక ఆ చెయ్యి ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ లోపల కాగితం ఉండలు కుక్కింది, పైన చీటీలు అతికించింది. చీటీ అన్నాక పేరుండాలి కాబట్టి మనసులో మెదిలిన పేర్లు రాసేసింది. ఆ పూట మెదిలినవన్నీ పార్టీకి పిలిచినవాళ్ల పేర్లే.

పార్టీ మాత్రం రంజుగా సాగింది. మోకాళ్ల నొప్పులని వస్తూనే కుర్చీ అడిగిన ఇంటి ఓనరమ్మ, పేలని బుడగల్ని మూలమూలలా వెతికి మరీ తొక్కింది. మనిషిని మనిషి పార్సిల్ కట్టే పోటీ పెడితే, షోరూం బావను కట్టినప్పుడు చప్పట్లు ఆగలేదు. ఆ ఇస్త్రీ నలగడం అందరూ మొదటిసారి చూశారు.

అంతలో చెట్టు దగ్గర్నించి షోరూం బావ భార్య గొంతు వినబడింది. "ఏవండీ, దీనిమీద మన పేరుంది."

హాలు హాలంతా అటు కదిలింది. "అవి ఊరికే..." అనబోయాడు బాబాయి కానీ వినేవాళ్లెవరు? షోరూం బావ పెట్టెను చేతిలో ఆడించి చూశాడు.

"తేలిగ్గా ఉంది. ఖరీదైన వస్తువులన్నీ తేలిగ్గానే ఉంటాయి."

ఓనరమ్మ తన పెట్టె కాగితం చించబోయింది.

"ఆగండమ్మా. ఇచ్చినవాళ్ల ముందు విప్పకూడదు. పెద్ద పెద్ద ఇళ్లలో అలా చెయ్యరు," అన్నాడు షోరూం బావ.

ఇక విప్పిన వాళ్లు చిన్న ఇళ్లవాళ్లయిపోతారు కాబట్టి, అందరూ పెట్టెలు చంకన పెట్టుకుని హుందాగా వెళ్లిపోయారు. గుమ్మంలో షోరూం బావ ఏమీ అనలేదు, పెట్టె చూశాక చెబుదామనుకున్నాడేమో.

మర్నాడు ఫోను మోగినప్పుడల్లా బాబాయి తిట్లకి సిద్ధపడే ఎత్తాడు. ముందు ఓనరమ్మ చేసింది. "నాకు సరిగ్గా సరిపోయింది నాయనా." ఏం సరిపోయిందో అడిగే ధైర్యం లేకపోయింది. తర్వాత పక్కింటి మాస్టారు. "మా ఆవిడకి ఆ రంగంటే ప్రాణం." తనకొక్కడికే ఉత్త పెట్టె వచ్చిందని ఒప్పుకుంటే తన విలువ అంతేనని తేలిపోదూ? ఆ భయంతో ఎవరికి వాళ్లే తమ పెట్టెలో ఏదో ఒకటి నింపుకున్నారు. ఆఖరికి షోరూం బావ.

"హాల్లో పెట్టాం తమ్ముడూ. వచ్చినవాళ్లంతా ఎక్కడ కొన్నారని ఒకటే అడగడం. బాగా చేశావు."

ఉన్నంతలో అనలేదు. బాబాయికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. అబద్ధమెందుకు, సంతోషమే ఎక్కువ వేసింది.

కొత్త సంవత్సరానికి షోరూం బావ ఇంటినించి బదులు కానుక వచ్చింది. బంగారు రంగు కాగితం, దానిమీద పట్టు రిబ్బను. చేతిలోకి తీసుకోగానే బాబాయి చెయ్యి పోల్చుకుంది. మెల్లగా పై కాగితం ఊడదీశాడు. కింద తన మెరిసే కాగితమే ఉంది. పేరు చీటీ గోకేసి ఉంది. టేపు చివర గోరంత మడత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"విప్పనే లేదన్నమాట," అంది భార్య.

వారం నించి మురిపెంగా దాచుకున్న ఆ 'బాగా చేశావు' కూడా ఉత్త పెట్టేనని తేలేసరికి బాబాయి మనసు చివుక్కుమంది. ముందు నవ్వింది భార్యే. ఆమె నవ్వు చూసి అతనూ నవ్వాడు. తర్వాత ఫోను తీశాడు.

"అందింది అన్నయ్యా."

"మా మరదలికి నచ్చిందా? ఊరంతా గాలించి తెచ్చాం తమ్ముడూ."

బాబాయి పెట్టెను ఒకసారి చేతిలో ఆడించాడు.

"ఉన్నంతలో బాగానే ఇచ్చారు అన్నయ్యా."