దివిసీమ చలిలో పొగపెట్టిన మాంసం

ఈ వార్త నాకు మొదట తెచ్చింది గాజుల మీరాబీ. గుడివాడలో మా అరుగు మీద గాజుల మలారం దించుతూనే, దివిసీమలో మా హుసేన్ బావగారు ఆరుబయట మాంసానికి పొగ పెడుతున్నారనీ, పొగకు ఇరుగుపొరుగంతా దగ్గుతున్నారనీ చెప్పింది. జ్వరం తగ్గినా అమ్మ గంజి తప్ప ఏమీ ముట్టడం లేదు. తిండి లోపలికి పోకపోతే మందులు పనిచేయవన్నాడు డాక్టరు. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ పొగలో ఆరబెట్టిన మాంసమైతే ఓ ముద్ద తింటానని అమ్మ ముందురోజే అంది. అల్లా ఇంత తొందరగా, అదీ మా బావగారి చేతిమీదుగా ఆ కోరిక తీరుస్తాడనుకోలేదు. ఆయన దయకు తలవంచి బయల్దేరాను.

తెల్లవారుజాము బందరు రైలు మంచువల్ల ఆలస్యమైంది. మంచు లేని రోజుల్లో ఎందువల్ల ఆలస్యమవుతుందో స్టేషన్లో ఎవరూ చెప్పలేదు. నా ప్రయాణం సంగతి విని ఎదురుగా కూర్చున్న పెద్దాయన పొగ కక్కుతున్న ఇంజనువైపు చూపించాడు.

"దానికి అంత దూరం ఎందుకమ్మా? మాంసం తెచ్చి ఈ కిటికీకి కట్టండి. బందరు చేరేసరికి తయారు."

బందరులో ఇడ్లీ తిని చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాను. పులిగడ్డ అక్విడెక్టు దాటేదాకా ఒంటికాలి మీద నిలబెట్టినందుకు కండక్టరుకు రుణపడి ఉంటాను. రెండో కాలు పెట్టే చోట ఎవరిదో కోళ్ళగంప ఉంది. అవనిగడ్డ నుంచి రిక్షా. మధ్యాహ్నం నమాజు వేళకు అక్క జైనబ్ ఇంటికి చేరాను.

బావగారు మిలట్రీ కోటు, మంకీ క్యాపుతో నులకమంచం మీద ఉన్నారు. మంచుకొండల్లో లారీ తోలిన మనిషి. అక్కడివాళ్ళు మాంసానికి పొగ పెట్టడం లారీలోంచి చూశారట. చూసిన విద్య కాబట్టి ఆయన చూస్తూనే ఉన్నారు, అక్క చేస్తోంది. ఉప్పు, పసుపు పట్టించిన మేకమాంసం పొడుగు ముక్కలుగా తాడుమీద వేలాడుతోంది. కింద వరి ఊక కుప్ప మంట లేకుండా రాజుకుంటోంది.

"రాత్రికి పైన ఏమీ కప్పకూడదు," అన్నారు బావగారు. "చలి తగిలితేనే ముక్క గట్టిపడేది. కొండల్లో అంతేనమ్మా."

కొండల్లో చలి ఆరబెడుతుంది. మా డెల్టాలో చలి తడుపుతుంది. పొద్దుటికి చూరు కారేంత మంచు కురిసేచోట మాంసాన్ని ఆకాశానికి వదిలేస్తే ఏమవుతుందో నేను అడగబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది. చీకటి పడగానే ఆయన లోపలికెళ్ళి రగ్గు కప్పుకుని పడుకున్నారు. చలి మాంసానికి మంచిదన్నారు గానీ తనకు మంచిదని అనలేదు.

తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి పెరట్లోకి వచ్చాను. తాడుమీద అక్క రగ్గు పరిచి ఉంది, మంచుకు తడిసి అంచుల్లో నీళ్ళోడుతూ. దానికింద ముక్కలు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. అక్క రెండు పాతచీరలు చుట్టుకుని ఊకకుప్ప పక్కన కూర్చుని దగ్గుతోంది.

"ఇదేంటక్కా, రాత్రంతా ఇక్కడేనా?"

"మీ బావకి చెప్పకే. ఆయన లేవకముందే రగ్గు తీసేస్తాలే. అమ్మ ఓ ముద్ద తింటే చాలు."

పొద్దెక్కాక బావగారు ఒక ముక్క విరిచి చూసి, చలి ఎంత పనిచేసిందో చూశావా అన్నారు. చూశాను బావగారూ అన్నాను. అబద్ధం చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో మూట వాసనకు బస్సులో నా పక్క సీటు ఖాళీ అయింది. ఈసారి రెండు కాళ్ళూ పెట్టుకున్నాను. రైల్లో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు, అక్కడందరిదీ అదే వాసన.

దీపాలవేళకు ఇల్లు చేరి, ముక్క నానబెట్టి మెత్తగా ఉడికించి అన్నంలో కలిపాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఇంకొకటి పెట్టమంది. మూడో ముద్దకు అడిగింది:

"పొగ ఎవరు పెట్టారే? జైనబేనా?"

దివిసీమ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చలికాలమైతే ఒక రగ్గు ఎక్కువ తీసుకెళ్ళండి, వచ్చేటప్పుడు మా అక్క దగ్గర వదిలేసి రండి. ఆ దగ్గు ఇంకా తగ్గలేదని మీరాబీ మళ్ళీ కబురు తెచ్చింది. మీరు దువా చేసేవాళ్ళయినా, దణ్ణం పెట్టేవాళ్ళయినా, ఈ రాత్రి దుప్పటి కప్పుకునేముందు జైనబ్‌ను ఒక్కసారి తలుచుకోండి.