సున్నాలు నింపిన జ్ఞానమ్మ

జ్ఞానమ్మా నేనూ పట్నంలో యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. మాది ఆర్మూరు దగ్గర పసుపు పండించే ఇల్లు. వాళ్లది బోధన్ అవతల చెరకు కొట్టేవాళ్ల గుడిసె. ఆ గుడిసెల్లోంచి ఎమ్మే సైకాలజీ దాకా వచ్చింది తనొక్కతే. మిషన్ బడిలో మొదలుపెట్టి స్కాలర్‌షిప్పుల మీద నెట్టుకొచ్చింది. పొగరు మాత్రం దొరసానిదే. ఆ మాట అంటే నవ్వేది.

1971లో మా డిపార్ట్‌మెంటు ఒక పరిశోధన తలపెట్టింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మనసూ ఆరోగ్యమూ ఎట్లా ఉంటాయని. జ్ఞానమ్మ పట్టుబట్టి తన గుడిసెలనే తీసుకుంది. అక్కడికి ఒక నర్సును వేయించమని వాళ్ల నాన్న దేవదాస్ తిరగని ఆఫీసు లేదు. పసిపిల్లలు చనిపోతున్నట్టు కాగితం మీద చూపిస్తే వేస్తామని ఎవరో అధికారి అన్నాడట. ఆ కాగితం నేను తెస్తా బాపూ అని మాటిచ్చింది.

తోడుగా నేనూ వెళ్లాను. అరవై గుడిసెలు తిరిగాం. కాగితాల మీద పేర్లు ఉండకూడదు, నంబర్లే ఉండాలని ప్రొఫెసర్ బాపురావుగారి నియమం. తల్లుల పేర్లూ, ఉన్న పిల్లల పేర్లూ వేరే నోటుబుక్కులో రాసుకున్నాం. మూడో ప్రశ్న, పుట్టి పోయిన పిల్లలెందరని. ఒక్కొక్కరూ తల అడ్డంగా ఊపారు. యాభై ఎనిమిది కాగితాల్లో సున్నాలే.

ప్రొఫెసర్‌గారు అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. పట్నంలో పెద్ద దవాఖానా పక్కన కూడా ఇట్లా ఉండదు, ఇక నర్సెందుకమ్మా అన్నారు. పది రోజుల్లో రిపోర్టు జిల్లాకు పోతుంది. తండ్రి ఇన్నేళ్ల తిరుగుడును కూతురి చదువే మట్టిలో కలిపేలా ఉంది.

ఆ మధ్యాహ్నం నంబర్లు సరిచూద్దామని నోటుబుక్కు తీసి పిల్లల పేర్లు పైకి చదువుతున్నాను. పెంటమ్మ. పెంటయ్య. పుల్లమ్మ. మళ్లీ పెంటయ్య. చదువుతూ చదువుతూ మళ్లీ మొదటి పేజీకి తిరగేశాను. జ్ఞానమ్మ పెన్సిలుతో ఒక్కో పేరు పక్కన గీత పెట్టింది. అరవై ఇళ్లలో ముప్పై నాలుగు ఇళ్లలో అవే పేర్లు.

పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకొకామె చేత ఎత్తించుకుని పెంటమ్మ అనో పెంటయ్య అనో, ఎంగిలి విస్తళ్ల మీద పడుకోబెడితే పుల్లమ్మ అనో పేరు పెట్టడం మా వైపు ఆచారం. పారేసిన బిడ్డ మీద చావుకు కన్ను పడదని నమ్మకం. మా ఇంట్లోనే ఒక పెంటయ్య మామ ఉన్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పరిశోధన. నా మీద నాకే అసహ్యం వేసింది.

సంగతి చెబితే, పేర్లు సాక్ష్యం కావు, పోయి మళ్లీ అడగండి అన్నారు ప్రొఫెసర్‌గారు. మర్నాడే బోధన్ బస్సెక్కాం. ఎందుకు చెప్పలేదో ముందు అమ్మనే అడుగుదామంది జ్ఞానమ్మ. వాళ్లమ్మ శారమ్మ బియ్యం చెరుగుతోంది.

"సచ్చినోళ్లను నోటితోని లెక్కవెడితే ఉన్నోళ్లకు గండం బిడ్డా. ఎవలు జెప్తరు?"

"మరి నీకు, అవ్వా?"

చేట ఆగిపోయింది.

"నీ ముంగట నలుగురు. నిన్నుగూడ మీ నాయినమ్మ పెంటల పండవెట్టింది. బాప్తీస్మం అయ్యేదాక నీ పేరు పెంటమ్మనే."

జ్ఞానమ్మ సంచిలోంచి ఒక కాగితం బయటికి తీసింది. వాళ్లింటి కాగితం అమ్మను అడగకుండా తనే నింపుకుంది, సున్నా పెట్టి. నాలుగేళ్లు ఒకే గదిలో పడుకున్నాం, ఈ సంగతి ఆమెకే తెలియదు.

"ఇరవై మూడేండ్లు నోరు మూసుకొని నిన్ను కాపాడుకున్న," అంది శారమ్మ. "ఇయ్యాల జెప్పిన. నర్సు రావాలె. నువ్వుగూడ బతకాలె."

జ్ఞానమ్మ సున్నా కొట్టేసి నాలుగు వేసింది. శారమ్మ చేట పక్కన పెట్టి లేచి, కూతురి చెయ్యి పట్టుకుని పక్క గుడిసెకు లాక్కుపోయింది. అక్కడ గంగుబాయి ఉంది. పోయినసారి తల అడ్డంగా ఊపినవాళ్లలో ఆమె ఒకతె.

"నలుగురిని జెప్పిన గంగూ. నా బిడ్డ నిలవడ్డది, సూడు. ఇగ నువ్వు జెప్పు."

గంగుబాయి జ్ఞానమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. దగ్గరికొచ్చి బుగ్గ తాకి చూసింది. తర్వాత తన కూతురు పెంటమ్మను నీళ్లకని బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, నోరు విప్పకుండా ఐదు వేళ్లు చూపించింది.